గుర్తు నిలవని చర్మం

మా అమ్మ వేలిముద్రలు పోయాయని మొదట కనిపెట్టింది చౌకదుకాణంలోని మిషన్.

అది అక్టోబరు మొదటివారం. బియ్యం వరుసలో అమ్మ వెనకాల నేను సంచి పట్టుకుని నిలబడ్డాను. అమ్మ బొటనవేలు పెట్టింది. మిషన్ ఎర్రగా వెలిగి కీచుమంది. చూపుడువేలు పెట్టింది. మళ్లీ కీచుమంది. డీలరు పుల్లన్న మిషన్ అద్దాన్ని తన తువ్వాలుతో తుడిచాడు.

"ఈరమ్మక్కా, చేతులు కడుక్కోని రాపో. పిడకలు తట్టొచ్చినావా ఏమి?"

"తెల్లారినప్పట్నుంచి మూడుసార్లు కడిగినా కదప్పా."

"మళ్ల ముద్రలు యాడ పారేసుకున్యావ్? పదివేళ్లూ అయిపాయ."

"కాలివేళ్లు పెట్టల్లనా?"

"పెట్టు మే. మిషన్‌కు వద్దు, నా నెత్తిన పెట్టు, పుణ్యమన్నా వస్తాది."

వరుసంతా నవ్వింది. మా పక్కింటి నాగలచ్చక్క ముందుకు వంగి అమ్మ అరచేయి తిప్పి చూసింది.

"నువ్వు నోరు మూయి పుల్లన్నా. ఆ చేతులు సూడు, కొత్త పెండ్లికూతురి చేతుల మాదిరి ఉండాయి. ఏం పూస్తాండావ్ మే? మాకూ చెప్తే నీ సొమ్మేం పోతాది?"

అమ్మ సిగ్గుపడి చేతులు కొంగులో దాచుకుంది. కానీ ముఖంలో సంతోషం దాగలేదు. ఉన్ని వడికి, పేడ ఎత్తి, వేరుశనగ చెట్లు పీకి నెర్రెలిచ్చిన చేతులవి. ఆరునెలల్లో గీత లేకుండా, కాయ లేకుండా, లోపలి ఎరుపు కనబడేంత నున్నగా అయ్యాయి. ఆ రోజు ఇంటికి పోయి నాయనను పిలుచుకొచ్చాను. ఆయన వేలు పెడితే బియ్యం ఇచ్చారు.

చేతులు అట్లా ఎక్కడ మారాయో నాకు తెలుసు. మా ఊరికి రెండు మైళ్ల దూరంలో పాత పట్టుగూళ్ల కేంద్రం ఉండేది. అది మూతపడ్డాక, ఆ భవనంలోకి డాక్టర్ ఇందుమతి వచ్చారు. ఆమె కాలిన గాయాలకు చర్మం చేసే మనిషి. ఆమె అక్కడికి వచ్చింది మా గొర్రెల కోసమే.

మేము గొర్రెలు కాసే కురుబవాళ్లం. ప్రతి మందకూ ఒక చెవికోత ఉంటుంది. మాది ఎడమ చెవి అంచున అరచందమామ. నెలపిల్లగా ఉన్నప్పుడే కోస్తారు. చచ్చేదాకా ఉంటుంది. మా మందలో మాత్రం కొన్నిటికి ఆ కోత నిలిచేది కాదు. ఇరవై రోజుల్లో చెవి పూడుకుని, అసలు కత్తి తగలనట్టు అయ్యేది. మళ్లీ కోస్తే మళ్లీ పూడేది. ముళ్ల కంచెలో పడి ఒళ్లంతా చీరుకున్నా వారంలో వెంట్రుకలతో సహా తిరిగి వచ్చేది. మావాళ్లు వాటిని గుర్తు నిలవని జీవాలు అనేవాళ్లు. అశుభమని ముందు వాటినే సంతకు తోలేవాళ్లు.

మూడేళ్ల కిందట డాక్టర్ ఇందుమతి మా దొడ్డికి వచ్చి అటువంటి ఏడింటిని చూశారు. భూతద్దం పెట్టి చెవి అంచు చాలాసేపు చూశారు. నేను గుంజ చాటు నుంచి చూస్తున్నాను.

"కరియప్పగారూ, వీటిని నాకు అమ్ముతారా?"

"తీసుకోండి మేడం. ఏడూ తీసుకోండి."

"వీటిలో ఇంకేమైనా తేడా ఉందా? రోగం గానీ, మరేదైనా గానీ?"

"మీ ముందరే ఉండాయి గదా మేడం. సూసుకోండి," అన్నాడు నాయన.

తేడా ఉంది. ఆ గొర్రెలు ఈనితే పిల్లకు పాలు చేపవు. పిల్ల పొదుగు కుమ్మినా వాటికి పట్టదు. పక్కకు నడిచిపోతాయి. ఆ పిల్లలకు మేకపాలలో గుడ్డవత్తి ముంచి పట్టేది నేనే. కానీ అమ్మేటప్పుడు జీవం తప్పు నోటితో చెప్పకూడదు. చెబితే ఆ తప్పు మందలో మిగిలినవాటికి పాకుతుందని మావాళ్ల భయం. కొనేవాడే కళ్లతో చూసుకోవాలి. ఏ సంతలోనైనా అంతే. నాయన అబద్ధమాడలేదు. నేనూ గుంజ చాటు నుంచి బయటికి రాలేదు. నాకప్పుడు పదమూడేళ్లు. కొత్తవాళ్ల ముందు నాకు మాట రాదు.

ఆ ఏడు గొర్రెలు, తర్వాత మా మందలోంచి కొన్న అటువంటివీ కలిసి రెండేళ్లలో వందకు పైగా అయ్యాయి. అక్కడ పిల్లలను పుట్టగానే తల్లుల నుంచి విడదీసి సీసాపాలు పట్టేవాళ్లు, అందుకే వాటి తప్పు ఎవరికీ కనబడలేదు. కేంద్రంలో వాటి తోకలతో పని.

తోక చర్మం వలిస్తే లోపల పొడుగునా తెల్లటి దారాలుంటాయి. ముత్యంలా మెరుస్తాయి. తెగకుండా ఒక్కొక్కటీ లాగాలి. పట్నం నుంచి వచ్చిన చదువుకున్న పిల్లలు లాగితే తెగిపోయేవట. చివరికి డాక్టరుగారు మా ఊళ్లో ఉన్ని వడికే ఆడవాళ్లను పిలిపించారు. అమ్మ మొదటి రోజే పదహారు తోకల దారాలు ఒక్కటీ తెగకుండా లాగిందని ఆమె ఆశ్చర్యపోయారట. అమ్మతో కలిపి అయిదుగురికి పని ఇచ్చారు.

ఒకసారి సెలవురోజు అమ్మకు సద్ది తీసుకుపోతే డాక్టరుగారు నన్ను లోపలికి పిలిచారు. ఆ గది చలికి పళ్లు కొట్టుకున్నాయి. గాజు జాడీల నిండా పుల్లటి వాసన.

"ఏం పేరమ్మా?"

నేను కిందికి చూశాను. అమ్మే చెప్పింది. "సుంకులమ్మ మేడం. ఇంటర్ సదువుతాంది. నోట్లో నాలుక లేదు, అంతే."

డాక్టరుగారు నవ్వి జాడీ ఎత్తి చూపించారు. "నిన్న మీ అమ్మ లాగిన దారాలు ఇందులో వేశాం. ఏవీ, కనిపిస్తున్నాయా?"

దారాలు లేవు. గంజి తేటలాంటి చిక్కటి నీళ్లున్నాయి. గాజుపుల్లతో ఇంకేదో చుక్క కలిపి, ఆ నీళ్లను కాస్త నా అరచేతి మీద పరిచిన ప్లాస్టిక్ కాగితంపై పోశారు. నా చేతి వెచ్చదనానికి అది మెల్లగా పేరుకుంది.

"నెయ్యికి తిరగబడ్డ లెక్క. చలిలో కరుగుతుంది, వెచ్చదనానికి గడ్డకడుతుంది. దీన్నే కొలాజెన్ అంటారు. నీ చర్మం, నా చర్మం, ఎముకలు, అన్నిటినీ పట్టి ఉంచే పోగు ఇదే. ఉప్పుతో విరగ్గొట్టి, కడిగి, ఆరబెడితే ఉల్లిపొరలాంటి పొర వస్తుంది. అది కాలినచోట వేస్తే ఒంట్లోని కణాలు దాన్ని పట్టుకుని ఎక్కివస్తాయి, పందిరి మీద తీగ లాగా. అన్ని గొర్రెల పొరతోనూ ఎంతోకొంత మానుతుంది. మీ గొర్రెల పొరతో మచ్చ కూడా మిగలదు. దానిలో ఏముందో ఇంకా వెతుకుతున్నాం."

నాకు నచ్చింది. అడగాలనుకున్నవి చాలా ఉన్నాయి. తల ఊపి బయటికి వచ్చేశాను.

అక్కడ గోడకు రబ్బరు చేతితొడుగులు వేలాడుతుంటాయి. తొడుగు లేకుండా దారం ముట్టకూడదని రాసి పెట్టారు. అమ్మావాళ్లు డాక్టరుగారు వచ్చినప్పుడు తొడుక్కుంటారు, పోగానే విప్పేస్తారు. తొడుగు ఉంటే దారం ఎక్కడ తెగబోతుందో వేలికి తెలియదు. వడికేవాళ్లకు వేలే కన్ను. పైగా పని దిగేముందు ఆ తడిచేతులను పగిలిన మడమలకు రుద్దుకునేవాళ్లు. రెండు రోజుల్లో మడమలు పూడిపోయేవి. దాన్ని ఎవరూ తప్పు అనుకోలేదు.

మిషన్ కీచుమనడానికి నాలుగు నెలల ముందే అమ్మ చేతుల సంగతి నాకు సంగటి దగ్గర తెలిసింది. పొయ్యి మీదినుంచి దించిన సంగటిని ముద్ద చేయాలంటే ఎవరైనా చెయ్యి నీళ్లలో ముంచుతారు. అమ్మ ముంచడం మానేసింది. పొగలు వచ్చే సంగటిని పొడిచేత్తో ముద్దలు చుట్టి పళ్లెంలో వేస్తోంది.

"అమ్మా, కాలడంలేదా?"

"అలవాటు అయిపాయ మే."

అలవాటు కాదు. మరునాడు సూది తెచ్చి కళ్లు మూసుకోమన్నాను. ఆటనుకుని మూసుకుంది.

"గుచ్చినావా?"

"గుచ్చినా."

"యాడ?"

వేలి కొస మీద రక్తపు బొట్టు ఉంది. అప్పటికే ఆరిపోతోంది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం పొద్దున చూసేదాన్ని. లెక్కల నోటుబుక్కు వెనక అట్ట లోపల 'సూది తెలియని చోటు' అని పైన పెట్టి, తేదీలు వేసి రాసుకున్నాను. జూన్ తొమ్మిది, వేళ్ల కొసలు. జూలై ఏడు, అరచేయి సగం. ఆగస్టు పద్దెనిమిది, అరచేయి మొత్తం. సెప్టెంబరు ఇరవై రెండు, మణికట్టు. నవంబరు మూడు, మణికట్టు పైన నాలుగు వేళ్లు. ఎందుకు రాస్తున్నానో నాకే తెలియదు. రాయకపోతే ఎవరితోనో చెప్పాల్సి వస్తుంది. బహుశా అందుకే.

"మేడంకు చెప్తామా?" అని ఒక్కసారి అడిగాను.

"ఏమని చెప్తావ్? నొప్పి లేదు, నెర్రెల్లేవు, బాగుండాయి చేతులు అనా? చెప్తే రేపట్నుంచి రావద్దంటారు. నా మాదిరి దారం తీసేటోళ్లు లేరని మేడం అందరి ముందర చెప్పింది తెలుసా నీకు?" అమ్మ సూదిని నా చేతిలోంచి లాక్కుని తన చీరె అంచుకు గుచ్చుకుంది. "ఎవురికీ చెప్పద్దు. నువ్వెట్లనూ చెప్పవులే."

అవును, చెప్పలేదు.

మా చెల్లెలు గౌరికి నాలుగేళ్లు. డిసెంబరు మొదటి ఆదివారం దానికి తలస్నానం. ఆ పొద్దున చలి ఎక్కువగా ఉంది. పెరట్లో అండా నిండా నీళ్లు కాగుతున్నాయి. అమ్మ బకెట్లోకి వేడినీళ్లు తోడి, చెంబెడు చన్నీళ్లు కలిపింది. ఇంకా కలిపేదే, కానీ వాకిట్లో నుంచి నాగలచ్చక్క చేట అడిగింది. అమ్మ పోయి ఇచ్చి వచ్చింది. వచ్చి, ఎప్పటిలాగే చెయ్యి బకెట్లో పెట్టి చూసింది. మణికట్టు దాకా ముంచింది.

నీళ్లు వేడిగా లేవు, చల్లగానూ లేవు. సరిపోయాయనుకుంది.

నేను మెట్టు మీద కూర్చుని తల దువ్వుకుంటున్నాను. చెంబు పైకి లేవడం చూశాను. పొగ కనిపించింది. చలికాలం పొద్దున గోరువెచ్చటి నీళ్లకు కూడా పొగ వస్తుంది. మొదటి చెంబు వీపు మీద పడింది. గౌరి గుక్కపట్టింది, అరవలేదు. అది అరిచేలోగా రెండో చెంబు ముందువైపు పడింది. ఆ తర్వాతి సంగతులు వరుసగా గుర్తు లేవు. దువ్వెన నా జుట్టులోనే ఉండిపోయింది. జిల్లా ఆసుపత్రిలో నర్సు తీసింది.

"నీళ్లు సరిగ్గానే ఉన్న్యాయి," అంటూనే ఉంది అమ్మ. "నేను సూసినా. చెయ్యి పెట్టి సూసినా." డ్యూటీ డాక్టరుతో అంది, నాయనతో అంది, పక్క మంచంవాళ్లతో అంది. అమ్మ చేతులు మణికట్టుల దాకా ఎర్రగా ఉడికినట్టున్నాయి. సాయంకాలానికి అవి మామూలుగా అయ్యాయి.

గౌరి అరుపు ఎట్లా ఉండేదంటే, కొంతసేపటికి అది మాకు వినిపించడం మానేసింది. నాయన బయట బండమీద కూర్చుని బీడీ వెలిగించుకునేవాడు, ఆర్పేవాడు. నేను వార్డు గోడ మీది పలకలు లెక్కపెట్టాను. ఎన్ని ఉన్నాయో తెలిశాక మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాను.

రెండోరోజు డాక్టర్ ఇందుమతి వచ్చారు. పొరను మనుషులకు వేసి చూడడానికి ఆ వార్డులోనే అనుమతి ఉందట. అప్పటికే పదకొండు మందికి వేశారు. పదకొండు మందికీ మానింది. ఆమె గౌరి ఛాతీకీ, కడుపుకూ పొర వేశారు. వీపు, ఎడమచెయ్యి తర్వాత వేస్తామన్నారు, ఒకేసారి అంత పొర సిద్ధంగా లేదు.

"ఇది మీరు తీసిన దారమే ఈరమ్మగారూ," అన్నారు. అమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

నాలుగో రోజుకు ఛాతీ మీద కొత్త చర్మం వచ్చింది. లేత గులాబి రంగు, మచ్చ లేదు. నర్సులు ఒకరినొకరు పిలుచుకొచ్చి చూపించుకున్నారు. గౌరి బోర్లా పడుకోగలిగింది. వీపు మంటకు ఏడుస్తూనే మధ్యమధ్య బొరుగులు అడిగింది. నాయన మూడు రోజులకు ఆరోజే అన్నం తిన్నాడు.

ఆ మధ్యాహ్నం కట్టు మార్చడానికి దాన్ని పక్కకు తిప్పినప్పుడు నేను దాని కడుపు మీద వేళ్లు ఆడించాను. దానికి అక్కడ చక్కిలిగింత. దూరం నుంచి వేళ్లు చూపించినా ముడుచుకుపోయి కిలకిలమనేది. ఇప్పుడు కిటికీ మీది కాకిని చూస్తోంది. ఇంకొంచెం గట్టిగా ఆడించాను. కాకి ఎగిరిపోయింది. గౌరి అప్పుడు కిందికి చూసి, "అక్కా, ఏం చేస్తాండావ్?" అంది.

"ఏం లేదు."

రేపు వీపుకు, చేతికి పొర వేస్తారు.

డాక్టరుగారి గది వార్డు చివర ఉంది. తలుపు దగ్గర ఎంతసేపు నిలబడ్డానో. లోపలికి పోయాక కూడా మాట రాలేదు. లెక్కల నోటుబుక్కు, నాయన ఇంటినుంచి తెచ్చిన నా కాలేజీ సంచిలోనే ఉంది. వెనక అట్ట తెరిచి ఆమె ముందు పెట్టాను.

ఆమె చదివారు. మళ్లీ మొదటి తేదీకి పోయారు.

"ఇవి ఎవరి చేతులు?"

"అమ్మవి."

"తొడుగులు వేసుకోలేదా?"

తల అడ్డంగా ఊపాను. ఆ తర్వాత ఎట్లాగో ఒక్క మాట బయటికి వచ్చింది. "గౌరి కడుపుకు గూడా తెలీడంలేదు మేడం."

ఆమె సూది తీసుకుని లేచారు. ముందు గౌరి దగ్గరికి పోయారు. తర్వాత మానిన పదకొండు మందిలో గమనింపు కోసం ఇంకా వార్డులో ఉంచిన ఆరుగురి దగ్గరికి పోయారు. ఒక్కొక్కరినీ కళ్లు మూసుకోమన్నారు. నేను వెనకాలే ఉన్నాను.

"తెలిసిందా?" "లేదు మేడం."

"ఇప్పుడు?" "లేదు."

చివరి మంచం మీద టపాకాయలు పేలి తొడలు కాలిన ముసలాయన ఉన్నాడు. ఆయన ఒక కన్ను తెరిచి, "పెట్టినావా తల్లీ, పెట్టకుండానే అడుగుతాండావా?" అన్నాడు. సూది ఆయన తొడలోనే ఉంది.

డాక్టరుగారు గదికి తిరిగి వచ్చి కాగితాలు తీశారు. ఒక్కో రోగికి ఒక్కో కాగితం. అందులో నొప్పి అనే గడి ఉంది. "లేదు, లేదు, లేదు," అని చదివారు. "అందరికీ లేదు అని రాసుకున్నాను. సంతోషంగా రాసుకున్నాను. నొప్పి లేదంటే మందు పనిచేసిందనుకున్నానే గానీ, తాకితే తెలుస్తోందా అని ఒక్కరినీ అడగలేదు."

ఆమె అమ్మానాయనలను పిలిపించారు. నన్ను కూడా ఉండమన్నారు. అమ్మ చేతులను తన ఒళ్లో పెట్టుకుని మోచేతి కిందిదాకా సూదితో చూశారు. అమ్మ ఎటో చూస్తూ కూర్చుంది.

"ఈ చర్మం ఏ తెంపునూ సహించదు," అన్నారు. "తెగితే పూడుస్తుంది, చీరితే పూడుస్తుంది. చర్మంలోకి వచ్చే నరాల కొసలు కూడా దానికి తెంపుల్లాగే కనిపిస్తున్నట్టుంది. వాటినీ పూడ్చేస్తోంది. ఆ గొర్రెలకు కూడా ఇట్లాగే ఉండాలి. కరియప్పగారూ, వాటికి స్పర్శ ఉండేదా?"

నాయన తలపాగా తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"పాలు చేపేటివి కాదు మేడం. పిల్ల కుమ్మినా తెలిసేది కాదు వాటికి."

"మూడేళ్ల కింద అడిగాను మిమ్మల్ని. మీ దొడ్డిలో నిలబడి అడిగాను."

"అడిగినారు."

"మరి?"

"అమ్మేటప్పుడు చెప్పకూడదు మేడం. మా తాతల కాలం నుంచి చెప్పరు." నాయన తలపాగా మడత సరిచేశాడు. "మీరు సదువుకున్నోళ్లు గదా, సూసుకుంటారనుకున్యా."

ఆమె కోప్పడితే బాగుండేది. కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టారు. పక్క గదిలో ఎవరో స్టీలు గిన్నెలు కడుగుతున్నారు.

"వినండి," అన్నారు చివరికి. "ఛాతీకి, కడుపుకు వేసింది తీయలేం. ఒక్కసారి వేసింది అక్కడే ఆగొచ్చు, మీ చేతుల్లో మాదిరి పాకవచ్చు. నాకు తెలియదు. తెలుసని చెప్పలేను. వీపు, చెయ్యి మిగిలాయి. అదే పొర రేపు వేస్తే వారంలో ఇంటికి పోతారు, కానీ ఆ చోట పాపకు ఏమీ తెలియదు. మామూలు గొర్రెల పొర కూడా ఉంది నా దగ్గర. అది వేస్తే రెండు నెలలు పడుతుంది. మచ్చలుంటాయి. చీము పట్టకుండా చూసుకోవాలి. కట్టు మార్చిన ప్రతిసారీ పాప అరుస్తుంది. స్పర్శ చాలావరకు తిరిగి వస్తుంది."

"అదే ఎయ్యండి," అంది అమ్మ వెంటనే. "నేను తీసిందే ఎయ్యండి. దాని ఏడుపు ఇంగ నేను వినలేను మేడం."

నాయన అమ్మ వైపు చూశాడు.

"నొప్పి తెలీకుంటే ఏం పాయ? నాకు తెలీదు, నేను బతుకుతాండ్లా? నీళ్లు పోసుకుంటాండా, సంగటి చేస్తాండా. ఆరోజు గూడా నీళ్లు సరిగ్గానే…"

"సరిగ్గా లేవమ్మా," అన్నాను.

గదిలో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"కాగుతా ఉన్న్యాయి. నీకు తెలీలేదు. తెలీనందుకే పోసినావ్. నాకు జూన్ నుంచి తెలుసు. నేను చెప్పలేదు. నాయన చెప్పలేదు. గౌరి రేపు పెద్దదవుతాది. పొయ్యి కాడ కూచుంటాది, పిల్లోళ్లకు నీళ్లు పోస్తాది."

అమ్మ నన్ను కొడుతుందనుకున్నాను. నా ముఖం వైపు చూసింది, తర్వాత తన చేతుల వైపు. ఒక చేతిని ఇంకో చేత్తో పట్టుకుని నొక్కింది. గోళ్లు తెల్లబడేదాకా నొక్కింది. ఏదైనా తెలుస్తుందేమోనని చూస్తున్నట్టుంది.

చాలాసేపటికి, "మామూలు జీవాలదే ఎయ్యండి మేడం," అంది.

ఆ సాయంత్రం డాక్టరుగారు కేంద్రానికి ఫోను చేసి పని ఆపమన్నారు. జాడీలకు సీలు వేశారు. తక్కిన నలుగురు ఆడవాళ్లనూ పిలిపించి సూదితో చూశారు. అందరికీ అరచేయి దాటింది. ఆమె పై అధికారులకు రాసిన ఉత్తరంలో నా తేదీలన్నీ ఉన్నాయని తర్వాత నాతో చెప్పారు. నాకు ఏమీ అనిపించలేదు. బాగుందని అన్నాను.

కేంద్రానికి పోవడం మానేశాక అమ్మ చేతుల్లో అది మోచేతికి మూడు వేళ్ల కింద ఆగింది. వెనక్కి మాత్రం తగ్గలేదు. ఇప్పుడు గౌరి ఛాతీ చుట్టూ కూడా ప్రతి ఆదివారం చూస్తున్నాను. ఇప్పటిదాకా కదల్లేదు. మూడే వారాలైంది.

కట్టు మార్చేది రోజు విడిచి రోజు, పదిగంటలకు. గౌరికి గోడగడియారం చూడడం రాదు. అయినా నర్సు ట్రాలీ చక్రాల చప్పుడుకే మొదలుపెడుతుంది.

"వద్దు! ఆ లావు నర్సమ్మ వద్దు! నువ్ సచ్చిపో!"

"చస్తాలే తల్లీ, ఈ కట్టు తీసినాక చస్తా," అంటుంది నర్సు. "అమ్మా, ఆ కుడిచెయ్యి పట్టుకోండి, అడ్డం తెస్తుంది."

ఇన్నాళ్లూ ఆ చెయ్యి నేను పట్టుకునేదాన్ని. అమ్మ వరండాలో గోడకు తిరిగి నిలబడేది. ఈ రోజు లోపలికి వచ్చింది. నన్ను పక్కకు జరగమని మంచం అంచున కూర్చుని, గౌరి కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

నర్సు గుడ్డను తడిపి అంచు ఎత్తింది. గౌరి అరిచింది. ఆ అరుపు మధ్యలో మాట మారింది.

"అమ్మా, చెయ్యి! చెయ్యి నొప్పి! పిసుకుతాండావ్!"

అమ్మ ఉలిక్కిపడి వదిలేసింది. చేతులు గాలిలో అట్లాగే ఉన్నాయి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు. నర్సు ఆగింది. నేను ముందుకు వచ్చాను. అమ్మ నన్ను రానివ్వలేదు. గౌరి ముఖం మీదికి వంగింది.

"నాకు తెలీదు మే. నువ్వే చెప్పల్ల." మళ్లీ ఆ చేతిని తీసుకుంది. "ఇట్లనా?"

గౌరి ముక్కు ఎగబీలుస్తూ చూసింది. "ఇంగ కొంచెం వదులు."

"ఇట్ల?"

"మరీ అంత వద్దు. జారిపోతాది."

"ఇప్పుడు?"

"ఆ."

అమ్మ వేళ్లు అక్కడే ఆగిపోయాయి. వాటి వైపే చూస్తూ, కదలకుండా కూర్చుంది. నర్సు రెండో కట్టు విప్పడం మొదలుపెట్టింది.